డ్రిప్పింగ్ పాన్‌లో ఒక శనివారం

ఇంగ్లండ్‌లో నాన్‌లీగ్ ఫుట్‌బాల్ జట్టు, అంటే కింది అంచెల్లో ఆడే చిన్న జట్టు, వెంట తిరిగేవాళ్లకి ఫిబ్రవరిలో శుక్రవారం రాత్రి సరిగా నిద్ర పట్టదు. వాన భయం. పెద్ద క్లబ్బుల మైదానాల కింద వేడి గొట్టాలుంటాయి, నీళ్లు లాగేసే ఏర్పాట్లుంటాయి. మా స్థాయిలో ఉండేది గడ్డి, మట్టి, వాటిని కనిపెట్టుకుని ఉండే ఒకరిద్దరు మనుషులు. వారమంతా వాన పడితే, శనివారం పొద్దున రిఫరీ ఒకరు వచ్చి గడ్డి మీద అటూ ఇటూ నడిచి, బంతి ఎగరేసి, అది లేస్తోందో లేక బురదలో కూరుకుపోతోందో చూస్తారు. దాన్నే పిచ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. ఆయన సరే అంటేనే ఆట. లేదంటే ఆ మ్యాచ్ ఏదో ఒక మంగళవారం రాత్రికి పోతుంది. మంగళవారం రాత్రి నాకు ఆసుపత్రి ల్యాబ్‌లో డ్యూటీ, పాపకి మర్నాడు బడి. అంటే ఆ మ్యాచ్ మా ఇద్దరికీ పోయినట్టే.

ఆ శనివారం పొద్దున ఎనిమిదింటి నుంచీ ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. తొమ్మిదిన్నర దాటాక మెసేజ్ వచ్చింది: ఆట ఉంది. పాప అప్పటికే స్కార్ఫ్ చుట్టుకుని, రెండు జతల సాక్సు వేసుకుని మెట్ల మీద కూర్చుంది.

వెళ్తున్నది లూయిస్‌కి. తూర్పు ససెక్స్‌లో ఉండే ఊరు, బ్రైటన్‌కి దగ్గర. మేం ఉండేది కెంట్‌లో ఒక చిన్న ఊళ్లో. మా క్లబ్ పేరు ఇక్కడ రాయను. ఎందుకంటే ఇందులో మా ఆటగాళ్ల గురించీ, వాళ్ల ఇంటివాళ్ల గురించీ కొంచెం చెప్పాలి. మా దగ్గర అందరూ అందరికీ తెలుసు. పేరు రాస్తే ఎవరి గురించి అన్నది ఊరంతటికీ తెలిసిపోతుంది.

నాన్‌లీగ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, దాని కింద మూడు డివిజన్లలో 72 క్లబ్బులు. ఈ 92 పోగా మిగిలిన ఫుట్‌బాల్ అంతా నాన్‌లీగే. అది కూడా నిచ్చెన మెట్ల లాగే ఉంటుంది. పైన నేషనల్ లీగ్, దాని కింద నార్త్, సౌత్, వాటి కింద నాలుగు ప్రాంతీయ డివిజన్లు, ఆ కింద ఇంకా ఎన్నో. ఒకప్పుడు ఈ నిచ్చెనకీ ఆ 92కీ మధ్య తలుపు మూసి ఉండేది. కింద ఎంత బాగా ఆడినా, పైనున్న క్లబ్బులు ఓటేసి రానిస్తేనే లోపలికి. 1987లో ఆ పద్ధతి మారింది. గెలిచినవాళ్లు నేరుగా పైకి వెళ్లడం మొదలైంది. స్కార్‌బరో అలా వెళ్లిన మొదటి క్లబ్. అంటే మా జట్టు కూడా, కాగితం మీద చూస్తే, వరసగా ఆరు ప్రమోషన్లు కొడితే ప్రీమియర్ లీగ్‌లో ఉంటుంది. పాప ఈ లెక్క తరచుగా వేస్తుంది. నేను కాదనను.

మేం ఆడేది ఇస్మియన్ ప్రీమియర్ డివిజన్‌లో, అంటే పైనుంచి ఏడో అంచె. ఆ లీగ్ 1905లో మొదలైంది. మొదట్లో గెలిచినవాళ్లకి కప్పూ లేదు, పతకాలూ లేవు, గౌరవం చాలు అనేవారు. ఇప్పుడు కప్పు ఇస్తారు. 22 జట్లు, ఒక్కొక్కరికి 42 మ్యాచ్‌లు. కింద మిగిలిన నలుగురు దిగిపోతారు. మేం ఫిబ్రవరిలో సరిగ్గా ఆ గీత మీద ఉన్నాం. అందుకే ఆ రోజు బస్సులో నవ్వులు తక్కువ, టెన్షన్ ఎక్కువ.

మా సపోర్టర్ల బస్సుకి అన్నీ చూసుకునేది ఒక పెద్దాయన. డెబ్భై దాటాయి. సీట్ల లెక్క ఒక పాత నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకుంటారు. డబ్బు కట్టినవాళ్ల పేరు పక్కన ఒక గీత పెడతారు. ముందు సీటు ఆయనది, దాని వెనక సీటు మా ఇద్దరిదీ. చివరి వరసలో డ్రమ్ వాయించే కుర్రాడు, వాడి పక్క సీట్లో డ్రమ్. దానికి టికెట్ లేదు. బస్సు నిండితే మాత్రం వాడి ఒళ్లోకి వచ్చేస్తుంది.

కెంట్ నుంచి లూయిస్‌కి ఏ26 రోడ్డు మీద వెళ్తాం. టన్‌బ్రిడ్జ్ వెల్స్, క్రోబరో, అక్‌ఫీల్డ్ మీదుగా. ఎత్తులూ పల్లాలూ, తడిసిన పొలాలు, ఆకులు లేని చెట్లు. అక్‌ఫీల్డ్ దగ్గరికి రాగానే పెద్దాయన ప్రతిసారీ ఒకే సంగతి చెబుతారు, ప్రతిసారీ అదే కోపంతో. అక్కడి నుంచి లూయిస్‌కి ఒకప్పుడు రైలు ఉండేది. 1969లో తీసేశారు. ఇప్పుడు లండన్ నుంచి వచ్చే రైలు అక్‌ఫీల్డ్‌లోనే ఆగిపోతుంది, ముందుకి పట్టా లేదు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి ఆ రైల్లోనే లూయిస్‌లో మ్యాచ్‌కి వెళ్లారట. "స్టేషన్లో దిగితే గ్రౌండ్ అక్కడే. రైలు శబ్దం ఆటలో వినబడుతుంది," అన్నారు. పాప కిటికీలోంచి ఆ పట్టా ఎక్కడుండేదో వెతకడం మొదలుపెట్టింది. యాభై ఏళ్లు దాటాక కూడా ఒక మనిషికి ఆ కోపం తగ్గలేదంటే, తీసేసిన రైలు ఎంత మంది శనివారాలు తీసుకుపోయిందో నాకు అర్థమవుతుంది.

ఆ రోజు బస్సులో అందరూ మాట్లాడుకున్నది మా స్ట్రైకర్ గురించి. ముందు వారమే వెళ్లిపోయాడు. ఈ స్థాయిలో కాంట్రాక్టు లేని ఆటగాళ్లు ఎక్కువ. అలాంటి ఆటగాడు వేరే క్లబ్‌కి కావాలంటే, మా క్లబ్‌కి ఏడు రోజుల నోటీసు ఇస్తారు. ఆ ఏడు రోజులు గడిచాక అతనితో మాట్లాడుకోవచ్చు, అతను సరే అంటే వెళ్లిపోతాడు. నోటీసు వచ్చిందని తెలిసిన రోజు నుంచీ ఊరంతా లెక్కపెట్టింది. ఎనిమిదో రోజు సంతకం అక్కడ. కుర్రాణ్ని ఏమీ అనలేం. వారానికి కొన్ని పౌండ్లు ఎక్కువిస్తారు, ఇంటికి దగ్గర, ఇంట్లో చిన్న పిల్ల. కానీ సీజన్‌లో మూడో వంతు ఇంకా మిగిలి ఉండగా గోల్స్ కొట్టేవాడు లేకపోవడం ఎంత కష్టమో కిందికి దిగే భయంలో ఉన్నవాళ్లకే తెలుసు. చిన్న క్లబ్ ఒక ఆటగాణ్ని తయారుచేసుకుంటే వాణ్ని ఒక సీజన్ చివరిదాకా అయినా ఉంచుకోగలగాలని నేను గట్టిగా నమ్ముతాను. జనవరి దాటాక లీగ్ మధ్యలో ఇలా లాక్కుపోవడం నాకు నచ్చదు.

లూయిస్ చేరేసరికి పన్నెండు దాటింది. వాన ఆగింది. కొండ మీద ఊరు, కింద ఊజ్ నది, ఊరి పక్కన తెల్లటి సుద్దరాతి గుట్ట. రాళ్లు పరిచిన ఇరుకు సందులు నిట్టనిలువుగా దిగుతాయి. 1264లో ఈ ఊరి పక్కనే సైమన్ డి మాంట్‌ఫోర్ట్ మూడో హెన్రీ రాజుని ఓడించి బందీగా పట్టుకున్నాడు. తర్వాత అమెరికా స్వాతంత్ర్యం కోసం కలం పట్టిన థామస్ పెయిన్ 1768 నుంచి 1774 దాకా ఇక్కడే ఉన్నాడు, పన్నులు చూసే ఉద్యోగం చేస్తూ. ఆయన ఉన్న ఇల్లు హై స్ట్రీట్‌లో ఇంకా ఉంది. పాపకి ఆ ఇల్లు చూపించాను. "ఆకలేస్తోందమ్మా," అంది. సరే, దిగిపోయాం.

మైదానం పేరు డ్రిప్పింగ్ పాన్. స్టేషన్ నుంచి అయిదు నిమిషాలు కూడా పట్టదు, పెద్దాయన చెప్పింది నిజం. నేను చూసిన మైదానాల్లో ఇంత అందమైనది లేదు. నేల మట్టం నుంచి కిందికి దిగి ఉంటుంది, చుట్టూ మట్టి కట్టలు, వాటి మీద గడ్డి. పైన నిలబడి చూస్తే పెద్ద మూకుడు అడుగున ఆట జరుగుతున్నట్టు ఉంటుంది. పక్కనే ఒక గుండ్రటి మట్టి దిబ్బ, దానికి చుట్టుకుంటూ పైకి వెళ్లే దారి. ఇటువైపు సెయింట్ పాంక్రాస్ మఠం శిథిలాలు. 11వ శతాబ్దంలో కట్టారు, 1530ల చివర ఎనిమిదో హెన్రీ రోజుల్లో కూలగొట్టారు. 1845లో రైలు మార్గం ఆ మఠం స్థలంలోంచే తవ్వుకుపోయారు. తవ్వుతుంటే మఠం కట్టించిన దంపతుల అస్థికలున్న పెట్టెలు బయటపడ్డాయి. మఠంలో సన్యాసులు ఉప్పు పండించుకోవడానికి ఈ గొయ్యి తవ్వారని ఒక మాట ఉంది, తవ్విన మట్టితోనే ఆ దిబ్బ పోశారని ఇంకో మాట. ఏది నిజమైనా, 1885లో లూయిస్ క్లబ్ పుట్టినప్పటి నుంచీ వాళ్ల ఆట దాదాపుగా ఇక్కడే. వందేళ్లు దాటి ఒకే చోట ఉండడం ఈ స్థాయి క్లబ్బుకి చిన్న విషయం కాదు. ఊరి నడిబొడ్డు స్థలం అమ్ముకుని ఊరి బయట రేకుల షెడ్డులోకి వెళ్లిపోయిన క్లబ్బులు ఎన్నో ఉన్నాయి. ఆ స్థలంలో ఇప్పుడు సూపర్‌మార్కెట్లో ఇళ్లో ఉంటాయి.

లూయిస్ క్లబ్ నాకు ఇష్టమవడానికి మైదానం ఒక్కటే కారణం కాదు. 2010లో అప్పుల్లో మునిగినప్పుడు సపోర్టర్లు దాన్ని తీసుకున్నారు. ఇప్పుడు ఏటా కొంత సొమ్ము కట్టిన ప్రతివాళ్లూ యజమానులే. ఎంత కట్టినా ఒక మనిషికి ఒకటే ఓటు. 2017లో ఇంకో నిర్ణయం తీసుకున్నారు. మగవాళ్ల జట్టు ఆటగాళ్లకి ఎంత ఖర్చుపెడతారో ఆడవాళ్ల జట్టుకీ అంతే పెడతామని చెప్పారు. ఇద్దరికీ అదే మైదానం, అదే శ్రద్ధ.

పాప బడి జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడుతుంది. టర్న్‌స్టైల్ దగ్గర వరసలో నిలబడి ఈ సంగతి చెబితే, "మిగతా క్లబ్బులన్నీ అలా ఎందుకు చెయ్యవు?" అని అడిగింది. నేను సమాధానం వెతుక్కుంటుంటే పెద్దాయన అందుకున్నారు. 1920లో బాక్సింగ్ డే నాడు, అంటే క్రిస్మస్ మర్నాడు, లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ జట్టు ఆట చూడ్డానికి 53,000 మంది వచ్చారని, ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన కింద ఉన్న క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదని నిషేధం పెట్టిందని, అది దాదాపు యాభై ఏళ్లు నడిచిందని చెప్పారు. "మా అక్క నాకంటే బాగా ఆడేది. ఆడడానికి చోటు ఉండేది కాదు," అన్నారు. పాప ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్లాక మ్యాచ్ ప్రోగ్రాం పుస్తకం కొనుక్కుని, ఆడవాళ్ల జట్టు తర్వాతి మ్యాచ్ ఎప్పుడో ఉన్న పేజీ మూల మడిచిపెట్టుకుంది.

లోపల ఎటు వెళ్లినా అడ్డు లేదు. ఆ జట్టువాళ్లు ఇటు, ఈ జట్టువాళ్లు అటు అని కంచెలుండవు. పోలీసులు కనిపించలేదు, పసుపు కోటు వేసుకున్న వాలంటీర్లు ఉన్నారు. టీ కొట్టు దగ్గర లూయిస్ స్కార్ఫ్ వేసుకున్న ఆవిడ వెనకే మేం నిలబడ్డాం. "వారమంతా పంపుతో నీళ్లు తోడారు, మీరు వస్తారనే," అంది. పై డివిజన్లలో మైదానం కనిపించే చోట మందు తాగకూడదు, 1985లో చేసిన చట్టం అది. మా స్థాయికి అది వర్తించదు. అందుకని ఊళ్లో నది పక్కన తయారయ్యే హార్వీస్ బీర్ గ్లాసులు పట్టుకుని చాలామంది కట్టల మీద నిలబడ్డారు. సముద్రతీరాల్లో కనిపించే రంగుల చెక్కగదుల్లాంటివి కూడా కొన్ని కట్టారు, డబ్బు కట్టినవాళ్లు అందులో కూర్చుని చూడొచ్చు.

మేం అరవై మందిమి ఉంటాం. మాటకి అరవై అంటే తక్కువగా అనిపించవచ్చు. కానీ గోల్ వెనక మెట్ల మీద డ్రమ్ముతో నిలబడితే ఆ గొయ్యిలో శబ్దం తిరిగి తిరిగి వస్తుంది. నాకు బయటి ఊళ్లకి వెళ్లి ఆడే మ్యాచ్‌లే, 'అవే' మ్యాచ్‌లంటారు వాటిని, ఎక్కువ ఇష్టం. ఊళ్లో ఆటకి వచ్చే వాళ్లలో సగం మంది ఆ పూట పని లేక వస్తారు, స్నేహితుల్ని కలవడానికి వస్తారు, అదీ మంచిదే. బస్సెక్కి రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాళ్లు మాత్రం ఆట కోసమే వస్తారు. మా ఆటగాళ్లకి ఆ సంగతి తెలుసు. వాళ్లు వార్మప్‌కి వచ్చినప్పుడు మా వైపు ఒకసారి చూసి చెయ్యెత్తుతారు, ఎవరెవరు వచ్చారో చూసుకుంటున్నట్టు ఉంటుంది.

ఆట మూడింటికి మొదలైంది. గాలి ఆ గొయ్యిలో సుడి తిరుగుతోంది, ఎత్తుగా కొట్టిన బంతి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. మా గోల్‌కీపర్ ఇది పసిగట్టి పొట్టి పాసులే ఇచ్చాడు. మా ముందు ఆడేవాళ్లు మాకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు. ప్రతి మాటా వినబడుతుంది: "వెనక మనిషి ఉన్నాడు", "ఎడమ", "టైముంది, టైముంది". టీవీలో చూస్తే ఆట నిశ్శబ్దంగా జరిగిపోతున్నట్టు ఉంటుంది. ఇక్కడ నిలబడితే తెలుస్తుంది, పదకొండు మంది తొంభై నిమిషాలూ ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారని. పాప ఆట నేర్చుకున్నది సగం ఇలాంటి మెట్ల మీదే.

ఇరవై నిమిషాలకి కార్నర్ నుంచి మొదటి గోల్ పడింది. గాలికి బంతి వంపు తిరిగి దగ్గరి పోస్టు దగ్గర పడింది, ఎవరి తలకి తగిలిందో కూడా మాకు కనబడలేదు. రెండోది ఇంకా బాధ కలిగించింది. మా లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాపు కాసే కుర్రాడు, మేం చూస్తుండగానే బంతి వెనక్కి ఇవ్వబోయి కాలు జారాడు. బురద. వాళ్ల వింగర్ బంతి అందుకుని నేరుగా లోపలికి వెళ్లి కొట్టాడు. 2-0.

ఆ కుర్రాడికి ఇరవై రెండేళ్లు. వారమంతా ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు, మంగళ, గురువారాలు సాయంత్రం ప్రాక్టీసుకి వస్తాడు. మా దగ్గరున్న ఒకాయన, సొంత కారులో వచ్చినవాడు, అతన్ని గట్టిగా తిట్టాడు. మామూలు తిట్టు కాదు. గొయ్యి మొత్తం ఒక్క క్షణం ఆగినట్టయింది. కుర్రాడు తల తిప్పి చూశాడు. చూశాడంటే విన్నాడనే.

పెద్దాయన ఆయన దగ్గరికి వెళ్లి, గొంతు పెంచకుండా అన్నారు: "వాళ్లమ్మ రెండు మెట్ల కింద ఉంది. ఆవిడ కూడా టికెట్ కొనుక్కునే వచ్చింది."

నిజంగానే ఉంది. నీలం కోటు వేసుకుని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, మైదానం వైపే చూస్తూ నిలబడింది. ఆయన మొహం ఎర్రబడింది. కాసేపటికి ఆవిడ దగ్గరికి వెళ్లి ఏదో చెప్పాడు, ఆవిడ తలూపింది.

అరవై వేల మంది ఉన్న స్టేడియంలో తిట్టేవాడికి తన మాట ఎవరికీ తగలదన్న ధైర్యం ఉంటుంది. మా దగ్గర ఆ ధైర్యం ఎవరికీ ఉండకూడదు. ఇక్కడ అరిచిన ప్రతి మాటా ఒక మనిషికి చేరుతుంది. మేం పేరు పెట్టి మెచ్చుకుంటే అతను వెనక్కి తిరిగి నవ్వుతాడు, తిడితే రాత్రి ఇంటికి ఆ మాట తీసుకెళ్తాడు. సోమవారం పొద్దున ఎవరింట్లోనో వైరింగ్ చేస్తూ దాన్నే తలుచుకుంటాడు. అందుకే పాపకి నేను పెట్టిన నియమం ఒకటే: ఎంత గట్టిగానైనా అరుచుకో, కానీ ఎదురుగా నిలబడి చెప్పలేని మాట అరవకు.

హాఫ్‌టైమ్‌లో మేమంతా కదిలాం. ఇది నాన్‌లీగ్‌లో ఉన్న మంచి అలవాటు. రెండో సగంలో మన జట్టు ఏ గోల్ మీదికి దాడి చేస్తుందో ఆ గోల్ వెనక్కి సపోర్టర్లు నడిచి వెళ్తారు. అటువైపు వాళ్లు ఇటు వస్తారు. దారిలో ఇద్దరూ ఎదురుపడతారు, ఒకరి స్కార్ఫ్ ఒకరు చూసుకుంటారు, "మొదటి గోల్ అదృష్టం", "రెండోది కాదు కదా" అని మాటలు నడుస్తాయి. మా డ్రమ్ కుర్రాడికి వాళ్ల పిల్లలు కొందరు అడ్డం తగిలి ఒకసారి వాయించనివ్వమన్నారు. ఇచ్చాడు. ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. లాటరీ నంబర్ చదివారు, మాది కాదు.

రెండో సగం వేరే ఆట. మా మేనేజర్ ఎవర్నీ మార్చలేదు, లెఫ్ట్ బ్యాక్‌ని కూడా. ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది. కుర్రాడు మొదటి అయిదు నిమిషాలు బంతి దగ్గరికి రానివ్వడానికే భయపడ్డాడు. అప్పుడు మా మెట్ల మీద ఎవరో అతని పేరుతో పాట ఎత్తుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. ఇందాక తిట్టినాయన మాత్రం గట్టిగా పాడుతున్నాడు. అరవై మందీ అందుకున్నారు, పాప గొంతు నా చెవి పక్కనే.

అరవై ఎనిమిదో నిమిషంలో అతనే పొడుగాటి త్రో వేశాడు. మా సెంటర్ బ్యాక్ తల తగిలించాడు, బంతి పోస్టుకి తగిలి లోపలికి పోయింది. మెట్ల మీద ఎవరి చేతుల్లో ఎవరున్నారో తెలియలేదు. పెద్దాయన టోపీ కింద పడింది, పాప తీసి ఇచ్చింది. 2-1.

తర్వాత ఇరవై రెండు నిమిషాలూ బంతి వాళ్ల సగంలోనే. స్టేషన్లోకి రైలు ఒకటి వచ్చి పోయింది. పెద్దాయన నా వైపు తిరిగి, "విన్నావా?" అన్నారు. వాళ్ల గోల్‌కీపర్ రెండు మంచి సేవ్‌లు చేశాడు, ఒకటి మా మొహాల ముందే, కుడిచేతి వేళ్లతో. నేను చప్పట్లు కొట్టాను. మంచి సేవ్ ఎవరు చేసినా కొట్టాలి. ఆఖరి నిమిషంలో కార్నర్‌కి మా గోల్‌కీపర్ కూడా పైకి వచ్చాడు. బంతి అతని తలకే తగిలింది, బార్ మీదుగా వెళ్లి గడ్డి కట్ట మీద పడింది. విజిల్.

ఓడిపోయాం. గీత కిందికి వెళ్లిపోయాం. ఆ బాధ చిన్నదేం కాదు. అది ఆదివారమంతా ఉంటుంది.

కానీ విజిల్ అయ్యాక మా ఆటగాళ్లు అందరూ మెట్ల దగ్గరికి వచ్చారు. దూరం నుంచి చెయ్యూపి వెళ్లిపోలేదు, కంచె దాకా వచ్చి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపారు. గోల్‌కీపర్ బురద చేత్తోనే పాప చెయ్యి పట్టుకుని, "నీ గొంతు అక్కడిదాకా వినబడింది," అన్నాడు. అది మాట వరసకి అన్నది కాదు, వినబడే ఉంటుంది. లెఫ్ట్ బ్యాక్ అందరికంటే చివర వచ్చాడు. తిట్టినాయన ముందుకి వెళ్లి, "ఆ మాట అనకుండా ఉండాల్సింది, త్రో మాత్రం అద్భుతం," అన్నాడు. కుర్రాడు ఆయన భుజం తట్టాడు. తర్వాత కంచె మీదుగా వంగి వాళ్లమ్మని ఒక చేత్తో దగ్గరికి తీసుకున్నాడు. ఆవిడ కోటు నిండా బురద.

తిరుగు ప్రయాణంలో ఫోన్లలో మిగతా స్కోర్లు చదువుకున్నాం. మాతోపాటు కింద ఉన్న జట్లలో రెండు ఓడిపోయాయి, ఒకటి డ్రా చేసుకుంది. గీతకీ మాకూ తేడా ఒక్క పాయింటే. ఇంకా మ్యాచ్‌లు చాలానే ఉన్నాయి. పాప ప్రోగ్రాం వెనక పేజీ మీద ఎవరితో ఎన్ని పాయింట్లు రావాలో రాసుకుంటూ వచ్చింది. పెద్దాయన తన పెన్సిల్ ఇచ్చారు.

బస్సు కదిలే ముందు ఆ నీలం కోటావిడ డోర్ దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్లూ ప్రతి అవే మ్యాచ్‌కీ ఒక్కతే కారు నడుపుకుని వచ్చేదట, ఎవరు ఏం అంటారో వినలేక ఒక మూల నిలబడేదట. వచ్చే అవే మ్యాచ్‌కి సీటుందా అని అడిగింది. పెద్దాయన నోట్‌బుక్ తీసి పేరు రాసుకున్నారు, డబ్బు అప్పుడే తీసుకోలేదు. మా పక్క వరసలో కిటికీ సీటు.

ఆ బస్సులో ఇంకా ఆరు సీట్లు ఖాళీగా ఉన్నాయి. కెంట్ వైపు ఉండే తెలుగువాళ్లు ఎవరైనా, పిల్లలతో అయినా సరే, రావాలనుకుంటే నాకు రాయండి. గురువారం రాత్రిలోగా చెబితే చాలు, పెద్దాయనకి నేను చెబుతాను. సాక్సులు రెండు జతలు వేసుకోండి.